శిక్ష: ఒక పదం, రెండు అర్థాలు

ఒకే పదం రెండు భాషలలో రెండు వేర్వేరు అర్థాలను వహించడం అరుదైన విషయం కాదు. కాని ఆ రెండర్థాలూ ఒకే పట్టణంలో ఒకే బాలుని చెవిని పడినప్పుడు అది నిఘంటుకారునికి మాత్రమే సంబంధించిన సమస్యగా ఉండదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణంలో పెరిగే తెలుగు బాలునికి ఇంటిలో ‘శిక్ష’ అంటే దండన. వీధిలోకి వస్తే హిందీలోను, బెంగాలీలోను అదే మాటకు విద్య అని అర్థం. అక్కడ చదువుకొన్నవాడు శిక్షితుడు, పాఠం చెప్పేవాడు శిక్షకుడు. తెలుగులో ‘శిక్షణ’ అనే మాటలో నేర్పడమనే భావం కొంత మిగిలి ఉన్నప్పటికీ, ‘శిక్ష’ మాత్రం న్యాయస్థానానికీ చెరసాలకూ చెందిన మాట అయిపోయినది.

భాషాశాస్త్రజ్ఞులు ఈ పదాన్ని సంస్కృతంలోని ‘శక్’ ధాతువుకు ఇచ్ఛార్థక రూపంగా భావిస్తారు. శక్తి అనే మాట కూడ ఆ ధాతువు నుండి వచ్చినదే. ఆ లెక్కన శిక్ష అంటే సమర్థుడు కావాలనే కోరిక. కోరిక అన్నప్పుడు కోరేవాడొకడు ఉండాలి గదా! ఆ కోరేవాడు నేర్చుకొనేవాడే తప్ప నేర్పేవాడు కాడు, నేర్పించే ప్రభుత్వమూ కాదు. ‘విద్యార్థి’ అనే మాట కూడ ఈ సంగతినే చెప్తున్నది. విద్యను అర్థించేవాడు విద్యార్థి. అతని కోరికను తొలగించి ఆ స్థానంలో మరొకరి కోరికను నిలిపినప్పుడు మొదటి అర్థం పోయి రెండవ అర్థం మిగులుతుంది. విద్యకు విద్యార్థే కేంద్రం కావాలని నేడు ప్రతి విద్యావిధానమూ ప్రకటిస్తున్నది. ఆ మాటకు నిజమైన అర్థమేమిటో, దానిని పాటించడం ఎందుకంత కష్టమో విచారించడానికి ఖరగ్‌పూర్ తగిన స్థలం.

ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ శతాబ్దం ముగిసే కాలంలో ఇక్కడ పెద్ద కూడలి స్టేషనును, దానితోపాటు విశాలమైన కర్మాగారాన్ని నెలకొల్పినది. 1902లో కటకం నుండి వాల్తేరు వరకు ఉన్న తూర్పు తీరపు మార్గం కూడ ఆ కంపెనీ అధీనంలోకి వచ్చినది. ఆ మార్గం వెంటనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పని వెతుక్కుంటూ వచ్చి కర్మాగారంలోను, లోకో షెడ్డులోను, యార్డులలోను కుదురుకొన్నారు. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడేనాటికి వారి పిల్లల పిల్లలు కూడ ఆ క్వార్టర్లలోనే పెరుగుతున్నారు.

ఇటువంటి పట్టణంలో మనిషికి ముందే అతని స్థానం నిర్ణయమై ఉంటుంది. ఇంటి గదుల సంఖ్య ఉద్యోగి హోదాను బట్టి, లేచే వేళ కర్మాగారపు కూతను బట్టి ఏర్పడతాయి. పాఠశాల సైతం ఈ క్రమంలో భాగంగానే వచ్చినది. ఇల్లు, ఆసుపత్రి, ప్రయాణపు పాసు వలెనే అదికూడ ఉద్యోగికి కల్పించిన ఒక సౌకర్యం. అందులో చేరిన బాలుడు ముందు ఒక ఉద్యోగి సంతానం, ఆ తరువాతనే ఒక బాలుడు. ఇందులో దురుద్దేశమేమీ లేదు. కొన్ని వేల కుటుంబాలకు అక్షరం అందించిన ఏర్పాటును తేలికగా చూడరాదు. అయినప్పటికీ, పాఠశాల ఎవరి కోసం నిర్మింపబడినదన్న ప్రశ్నకు ఆ ఏర్పాటు చెప్పే సమాధానం ‘ఉద్యోగి కోసం’ అనే గాని ‘బాలుని కోసం’ అని కాదు.

పెద్దల విషయంలో ఈ ప్రశ్న ఖరగ్‌పూర్‌లో ఏనాడో లేచినది. 1920ల చివరి సంవత్సరాలలో రైల్వే కార్మికులు సమ్మెలు చేసినప్పుడు వారి సంఘానికి నాయకత్వం వహించినవారిలో, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఉద్యోగాల తొలగింపును ఎదిరించిన ఆ కార్మికులు అడిగినది కూలి మాత్రమే కాదు. తమను పనిముట్ల లెక్కలో వేయరాదని కూడ వారు అడిగినారు. కాని బాలురకు సంఘం లేదు, సమ్మె లేదు. తనను సాధనంగా చూస్తున్నారని బాలునికి తెలియదు, తెలిసినా చెప్పుకొనే చోటు లేదు. అతని తరఫున మాట్లాడేవారందరూ పెద్దలే, వారిలో ప్రతి ఒక్కరికీ తమ ప్రయోజనం ఒకటి ఉన్నది.

ఆ ప్రయోజనాలు హీనమైనవి కావు. చిక్కంతా అవి ఉత్తమమైనవి కావడంలోనే ఉన్నది. నైపుణ్యం గల పనివారు కావాలని యజమాని కోరుతాడు, జాతి కోరేది యోగ్యులైన పౌరులను. 1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారీ కమిషన్ తన నివేదికకు విద్య, జాతీయాభివృద్ధి అనే అర్థం వచ్చే పేరు పెట్టినది. 1985లో కేంద్ర ప్రభుత్వపు విద్యాశాఖ పేరు మానవ వనరుల అభివృద్ధి శాఖగా మారినది. 2020 వరకు ముప్పది అయిదు సంవత్సరాలు ఆ పేరే నిలిచినది. బొగ్గు, ఇనుము, నీరు వలెనే మనిషి కూడ ఒక వనరు అన్నమాట. వనరు ఎప్పుడూ మరొకదాని కోసమే ఉంటుంది. విచిత్రమేమంటే, బాలుడే కేంద్రమని స్పష్టంగా చెప్పిన 1986 నాటి జాతీయ విద్యావిధానం వెలువడినది కూడ ఆ పేరుగల శాఖ నుండే. పేరొక మాట చెప్తూ ఉంటే విధానం మరొక మాట చెప్పినది. అలా రెండు మాటలు చెప్పే చోట ఆచరణ సాధారణంగా పాతదానివైపే మొగ్గుతుంది.

వార్ధా పథకం విషయంలోను ఇటువంటి సంశయమే వచ్చినది. 1937 అక్టోబరులో గాంధీజీ ప్రేరణతో వార్ధాలో జరిగిన సమావేశం ఏడేండ్ల ఉచిత విద్యను, మాతృభాషలో బోధనను, చేతిపని ఆధారంగా చదువును ప్రతిపాదించినది. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన గల సంఘం దానికి రూపం దిద్దినది. బాలుని చేతులను, అతని ఊరిని, అతని భాషను పాఠశాలలోకి తెచ్చిన ఆలోచన అది. అయినా బాలురు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో పాఠశాల ఖర్చు గడవాలన్న అంశం మీద ఆనాడే విమర్శ చెలరేగినది. పని బాలుని బుద్ధి కోసమా, లేక బాలుడు పాఠశాల ఆదాయం కోసమా అన్నదే ఆ విమర్శలోని సారం. ప్రశ్న వేసినవారు పథకానికి శత్రువులు కారు. ఎంత ఉదాత్తమైన ఆశయమైనా బాలుని సాధనంగా చేసుకొనే ప్రమాదం ఉన్నదని వారు గుర్తు చేసినారు.

యజమాని, జాతి తరువాత మూడవ హక్కుదారు భాషా సమాజం. ఖరగ్‌పూర్ తెలుగువారి విషయంలో ఇది అన్నిటికంటె సున్నితమైనది. 1956లో రాజ్యాంగానికి చేసిన ఏడవ సవరణ ద్వారా చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెప్తున్నది. పశ్చిమ బెంగాల్ మాధ్యమిక పరీక్షలో ప్రథమ భాషగా తీసుకోదగిన భాషలలో తెలుగు ఒకటి. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించినది. ఈ విజయాలకు వెనుక కొన్ని తరాల ఆకాంక్ష ఉన్నది.

మాతృభాషా బోధన బాలునికి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. రవీంద్రనాథ్ ఠాకూర్ 1892లోనే విద్యను గూర్చి రాసిన వ్యాసంలో, పరాయి భాషలో సాగే చదువు జీవితానికీ పుస్తకానికీ మధ్య అగాధాన్ని సృష్టిస్తుందని వాదించినారు. తనకు తెలిసిన మాటతో మొదలుపెట్టినవాడే తెలియని విషయాన్ని గూర్చి ప్రశ్న వేయగలడు. మాట లేనివానికి ప్రశ్న ఉండదు, బట్టీ పట్టడమే అతనికి మిగిలే మార్గం.

అయితే ఇక్కడ ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఖరగ్‌పూర్‌లోని తెలుగు బాలుని మాతృభాష ఏది? తాతగారు వెంట తెచ్చుకొన్న ఉత్తరాంధ్ర పలుకుబడిలోకి బజారు హిందీ, బడి బెంగాలీ, కర్మాగారపు ఇంగ్లీషు చేరి ఏర్పడిన భాష అది. దానిని తెలుగు కాదనడానికి వీలులేదు. ఆంధ్రదేశపు పాఠ్యపుస్తకాలలో కనిపించే తెలుగు మాత్రం అది కాదు. ఆ పుస్తకంలోని ఊరు, పండుగ, పొలం, నది ఆ బాలుడు చూడనివి కావచ్చు. అతడు చూసినది రైలు పట్టాల నడుమ ఉన్న కాలనీని, దుర్గాపూజ పందిళ్ళను. అటువంటి పుస్తకాన్ని అతని చేతిలో పెట్టి, ఇది నీ భాష అని చెప్పి, అందులో తప్పులు వచ్చినప్పుడు ‘నీ భాషే నీకు రాదు’ అని నిందిస్తే, ఆ నింద పరాయి భాష చేసే గాయంకంటె లోతుగా దిగుతుంది.

గిడుగు వేంకట రామమూర్తి పంతులు జీవితం ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న ఆయన సమీప కొండలలోని సవరల కోసం ముందు తాను విద్యార్థి అయినారు. వారి భాషను నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, వారికి పాఠశాలలు తెరచినారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం వెలువడినది. ఆ గిడుగువారే తెలుగు పాఠశాలలలో గ్రాంథిక భాష పెత్తనాన్ని ఎదిరించి వ్యావహారిక భాష కోసం పోరాడినారు. పైకి వేరుగా కనిపించే ఈ రెండు పనులకూ మూలం ఒకటే. ఎదురుగా కూర్చున్న బాలుని నోట ఉన్న మాట ఏదో, చదువు దానితోనే మొదలు కావాలన్నది ఆయన పట్టుదల. భాష గౌరవం కోసం బాలుడు కాదు, బాలుని బుద్ధి కోసం భాష. అందుచేతనే తెలుగువాడై ఉండి కూడ సవర బాలురకు తెలుగు కాక సవర భాష కావాలని చెప్పగలిగినారు. తన భాష మీద అభిమానం గలవాడు ఇతరుల పిల్లలకు వారి భాషను కోరడమే ఆ అభిమానానికి సరియైన పరీక్ష.

నాలుగవ హక్కుదారులు తల్లిదండ్రులు. ఖరగ్‌పూర్‌లోనే కాదు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోను అనేకమంది తల్లిదండ్రులు ఇంగ్లీషు మాధ్యమాన్నే కోరుకొంటున్నారు. దానిని వ్యామోహమని కొట్టివేయడం న్యాయం కాదు. కళాశాలలోను, ఉద్యోగపు పరీక్షలోను ఏ భాష నిలుస్తుందో కూలిపని చేసే తండ్రికి పండితునికంటె బాగా తెలుసు. ప్రాథమిక దశలో తెలుగు, ఆపైన ఏ దారీ లేదు అన్నప్పుడు, మాతృభాష బాలునికి వంతెన కాకుండా గోడ అవుతుందని అతడు భయపడతాడు. ఆ భయం తీర్చవలసిన బాధ్యత మాతృభాషను కోరేవారిదే. తెలుగుతో మొదలుపెట్టిన బాలుడు బెంగాలీలోకి, హిందీలోకి, ఇంగ్లీషులోకి ఏ తరగతిలో ఏ విధంగా అడుగుపెడతాడో చూపించకుండా, తెలుగు అతని హక్కు అని చెప్పడం సగం మాట మాత్రమే.

బాలుడే కేంద్రమన్న సిద్ధాంతానికి బలమైన ఆక్షేపణ ఒకటి లేకపోలేదు. బాలునికి తన మేలు తెలియదు. తెలియనివాని ఇష్టాన్ని కేంద్రంగా చేస్తే చదువు ఆటగా, పాఠశాల ఆటస్థలంగా మారుతుంది, క్రమశిక్షణ నశిస్తుంది, ప్రమాణాలు పడిపోతాయి. ఈ ఆక్షేపణ చేసేవారిలో అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు అనేకులు ఉన్నారు గనుక దీనికి జాగ్రత్తగా సమాధానం చెప్పవలసి ఉన్నది.

సమాధానం కర్మాగారంలోనే దొరుకుతుంది. అనుభవం గల ఫిట్టరు కొత్తగా వచ్చిన అప్రెంటిసుకు పని నేర్పే తీరు గమనించదగినది. ఇనుప ముక్కను ఎంత వరకు ఆకురాయితో రాయాలో ఆ కుర్రవాని ఇష్టాన్ని బట్టి ఉండదు. కొలత కొలతే. అది తప్పితే చక్రం సరిగా కూర్చోదు, రైలు ప్రమాదానికి లోనవుతుంది. కాని ఫిట్టరు చూపు మాత్రం కుర్రవాని చేతి మీదనే ఉంటుంది. ఆకురాయిని ఎలా పట్టుకొన్నాడు, బరువు ఏ కాలిమీద వేసినాడు, ఎక్కడ భయపడుతున్నాడు, ఎక్కడ తొందరపడుతున్నాడు అన్నదానిని బట్టే తరువాత చెప్పవలసిన మాటను ఆయన నిర్ణయించుకొంటాడు. ప్రమాణం పనిలో ఉన్నది, దృష్టి నేర్చుకొనేవాని మీద ఉన్నది. ఈ రెండింటికీ విరోధం లేదు. విద్యార్థి కేంద్రం కావడమంటే అతని ఇష్టం రాజ్యమేలడం కాదు. అతని స్థితిని తెలుసుకోకుండా తరువాతి అడుగు వేయకపోవడం. ఇది ఉపాధ్యాయుని పనిని తేలిక చేయదు, మరింత కష్టతరం చేస్తుంది.

గుజరాతీ విద్యావేత్త గిజూభాయి బధేకా ‘దివాస్వప్నం’ అనే గ్రంథంలో ఇటువంటి ఉపాధ్యాయునినే చిత్రించినాడు. ఒక సంవత్సరం పాటు నాలుగవ తరగతిని తన చేతికి తీసుకొన్న ఆ ఉపాధ్యాయుడు మొదటి రోజున ఎంతో ఆలోచించి సిద్ధం చేసుకొన్న పద్ధతితో తరగతిలో అడుగుపెడతాడు. ఆ పద్ధతి ఘోరంగా విఫలమవుతుంది. అప్పుడు ఆయన పిల్లలను నిందించడు, తన పద్ధతిని పక్కన పెట్టి కథ చెప్పడం మొదలుపెడతాడు. బాలుని కేంద్రంగా చేసే పద్ధతి అయినా సరే, బాలునికి సరిపడనప్పుడు దానిని విడిచిపెట్టగలగడమే ఆ ఉపాధ్యాయుని గొప్పతనం. విధానకర్తలకు అన్నిటికంటె కష్టమైనది ఇదే. విధానం కాగితం మీదికి ఎక్కిన తరువాత దానిని నిలబెట్టడమే లక్ష్యమవుతుంది. 1918లో వెలువడిన ‘తోతాకాహిని’లో రవీంద్రుడు దీనినే హాస్యంగా చెప్పినారు. చిలుకకు చదువు చెప్పించడానికి పంజరం తయారవుతుంది, పుస్తకాలు తయారవుతాయి, పర్యవేక్షకులు బాగుపడతారు. చిలుక సంగతి మాత్రం ఎవరూ చూడరు.

చట్టం ఈ విషయంలో వెనుకబడి లేదు. 2009లో ఆమోదం పొంది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బోధన బాలుడు కేంద్రంగా సాగాలని, సాధ్యమైనంత వరకు మాతృభాషలో ఉండాలని, బాలునికి భయం, ఆందోళన లేకుండా చేయాలని 29వ విభాగంలో స్పష్టంగా చెప్తున్నది. అయినా ఆ చట్టం మీద ఎక్కువ వాదం నడిచినది ఈ విభాగాన్ని గూర్చి కాదు. ఎనిమిదవ తరగతి వరకు ఎవరినీ తప్పించరాదన్న నిబంధనను గూర్చి నడిచినది. 2019లో చట్టాన్ని సవరించి అయిదవ, ఎనిమిదవ తరగతులలో మళ్ళీ తప్పించడానికి రాష్ట్రాలకు అవకాశం ఇచ్చినారు. తప్పించాలనేవారూ, తప్పించరాదనేవారూ బాలుని ఫలితాన్ని గూర్చే మాట్లాడినారు. అతనికి అర్థమయ్యే భాషలో, అతని స్థితిని తెలుసుకొని ఎవరైనా పాఠం చెప్పినారా అన్న ప్రశ్న ఇరుపక్షాల వాదంలోను వెనుకనే ఉండిపోయినది. చెప్పని పాఠానికి బాలుని తప్పించడం అన్యాయం. చెప్పకుండానే పై తరగతికి పంపివేయడం కూడ అన్యాయమే.

ఖరగ్‌పూర్‌లోనే ఉన్న హిజలీ చరిత్ర ఈ చర్చకు మరొక వెలుగునిస్తుంది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ నిర్బంధ శిబిరాన్ని తెరచినది. విచారణ లేకుండా యువకులను బంధించిన ఆ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు నిర్బంధితులు ప్రాణాలు కోల్పోయినారు. ఆ భవనంలోనే 1950లో దేశపు మొదటి ఐ.ఐ.టి. నెలకొన్నది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానికి ప్రారంభోత్సవం చేసినారు. చెరసాల విద్యాలయమైన ఈ సంఘటన స్వతంత్ర భారత చరిత్రలో గర్వించదగినది. కాని గోడలు మారలేదు, గదులు మారలేదు. మరి మారినదేమిటి? గంట, హాజరు, నియమిత భోజనవేళ, పర్యవేక్షణ చెరసాలలోను ఉన్నవి, విద్యాలయంలోను ఉన్నవి. చెరసాలలో ఉన్నవాని కోరికకు విలువ లేదు, విద్యాలయంలో ఉన్నవాని కోరికే విలువ. ఈ ఒక్క భేదం చెరిగిపోతే, విద్యాలయమని పేరు రాసిన పలక ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు.

చెరిగిపోతున్నదనడానికి సాక్ష్యాలు దూరంలో లేవు. అటువంటి ఉన్నత సంస్థల ప్రవేశ పరీక్షల కోసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని వసతి కళాశాలలలో పదహారేండ్ల పిల్లలు తెల్లవారకముందు నుండి రాత్రి వరకు రైళ్ళ కాలపట్టికవంటి దినచర్యలో బందీలవుతున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణాలు తీసుకొన్నారు. ఫలితాల తయారీలో దోషాలున్నట్లు తరువాత వెల్లడి అయినది. ఆ దోషాలకూ ఆ మరణాలకూ గల సంబంధాన్ని గూర్చి ఎంతో వాదం జరిగినది. కాని లెక్క సరిగా ఉన్నంత మాత్రాన ఆ మరణాలు సమంజసం అవుతాయా? ఒక కాగితంలోని అంకె తన జీవితపు విలువను తేల్చివేసినదని ఆ వయసు పిల్లలు నమ్మినారంటే, పెద్దలందరూ కలిసి వారికి నేర్పిన మొదటి పాఠం అదే అయి ఉండాలి.

ఈ పరిస్థితిలో విద్యార్థిని కేంద్రంలో నిలపడమంటే ఒక కొత్త పద్ధతిని ప్రవేశపెట్టడం కాదు. యజమానికి పనివాడు, జాతికి పౌరుడు, సమాజానికి భాషాభిమాని, తల్లిదండ్రులకు ఆసరా కావాలి. ఇవన్నీ న్యాయమైన కోరికలే. సమర్థుడైన మనిషి నుండి ఇవన్నీ సహజంగా లభిస్తాయి. కాని వీటిలో ఏ ఒక్కటి ముందుకు వచ్చి బాలుడు వెనుకకు పోయినా, అది కూడ సరిగా లభించదు. ప్రశ్నించడం నేర్వని పనివాడు యంత్రం చెడినప్పుడు నిస్సహాయుడవుతాడు. ప్రశ్నించడం నేర్వని పౌరుడు ఎవరి మాటకైనా తల ఊపుతాడు. బెదిరింపుతో నేర్చిన భాషను మనిషి అవకాశం దొరకగానే విడిచిపెడతాడు.

కనుక పాఠశాలను పరీక్షించడానికి అధికారులు చేరినవారి సంఖ్యను, ఉత్తీర్ణుల శాతాన్ని చూడడం చాలదు. తరగతిలో చివరి బల్లమీద కూర్చున్న బాలుడు, అర్థం కానప్పుడు, తనకు వచ్చిన ఏ భాషలోనైనా సరే ‘నాకు అర్థం కాలేదు’ అని భయం లేకుండా చెప్పగలుగుతున్నాడా? చెప్పినప్పుడు ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుడు ఎదుట ఉన్నాడా? ఆ ఉపాధ్యాయునికి ఆగి మళ్ళీ చెప్పడానికి వ్యవధి ఉన్నదా, లేక పాఠాలను ఫలానా తేదీ లోపల ముగించమన్న ఉత్తరువు అతని మెడమీద ఉన్నదా? నాలుగు భాషలు వినిపించే ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఈ మూడు ప్రశ్నలకు ఔనని సమాధానం రావాలంటే ఉపాధ్యాయుల నియామకం, వారి శిక్షణ, పుస్తకాల రచన, పరీక్షల తీరు అన్నీ మారవలసి ఉంటుంది. ఖర్చు కూడ తక్కువ కాదు. విద్యార్థే కేంద్రమన్న మాటను ప్రకటించడం సులభం. ఆ మాటకు తగిన ఉపాధ్యాయుణ్ణి ఆ చివరి బల్ల దగ్గరకు పంపడంలోనే ప్రభుత్వపు చిత్తశుద్ధి తేలుతుంది.